అయిందా?

...అయినా ఖాళీ కాగితం ఇచ్చి లేచి వెళ్ళిపోయేంత మొండితనం ఆ పిల్లకి ఎక్కణ్ణించి వచ్చింది? తప్పు రాస్తే దిద్దవచ్చు. సగం రాస్తే సగానికి మార్కులు వేయవచ్చు. పేరు, నెంబరు మాత్రం గుండ్రంగా రాసి, కిందంతా తెల్లగా వదిలేసిన కాగితాన్ని ఏ మాస్టారైనా ఏం చేసుకుంటాడు? దిద్దడానికైనా ఏదో ఒక తప్పుండాలి కదా.

అద్దంలో సగం మొహానికి సబ్బు నురగ ఉంది. మిగతా సగం ఎవరిదో తెలియనట్టుంది. రేజరు పట్టుకుని అతను ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో గుర్తులేదు. వంటింట్లోంచి అక్క గొంతు గోడ దాటుకుని వస్తోంది.

"నా తమ్ముడు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాడు, వాడి దగ్గర పెడితే పిల్ల గట్టెక్కుతుందని మా బట్టల కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. వాడింట్లో తిని, వాడి క్లాసులో కూర్చుని, చివరికి వాడి సబ్జెక్టులోనే సున్నానా? వినేవాళ్ళు నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీండి వదినా. ముందు ఈ టీ తాగండి, చల్లారిపోతోంది," అంది అతని భార్య.

"టీ దాహం కాదమ్మా నాది. ఈ పూట బస్సుకే వెళ్ళిపోతాం. దాని బట్టలు సర్దుకోమను. కొట్లో బిల్లులు రాయడానికి మనిషి కావాలని వాళ్ళ నాన్న ఎప్పణ్ణించో అంటున్నాడు. చదువు పేరుతో ఇక్కడ కూర్చుని సున్నాలు చుట్టుకునే బదులు అక్కడ బట్టల మీటర్లు లెక్కపెట్టుకుంటుంది."

మేనకోడలి గొంతు వినబడుతుందేమోనని అతను కొళాయి కట్టేశాడు. వినబడలేదు.

ఒకప్పుడు ఆ పిల్ల మాట్లాడకపోతే ఒళ్ళు బాగాలేదేమోనని నుదురు పట్టుకుని చూసేవాళ్ళు. పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. 'ఎందుకమ్మ' అని తనే పెట్టాడు ముద్దుపేరు. వాన ఎందుకు పడుతుంది, పడేది కిందికే ఎందుకు పడుతుంది, పైకి పడితే ఎవరు తడుస్తారు? సెలవుల్లో అక్కావాళ్ళ కొట్టుకి వెళ్ళినప్పుడు గుండీల డబ్బా నేల మీద బోర్లించి, దానితో పాటు బోర్లా పడుకుని, చిన్న గుండీలెన్ని, పెద్దవెన్ని, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే ఏది వచ్చే అవకాశం ఎక్కువ అని ఆడుకున్న మనిషి తనే. ఆ ఆటలో 'అర్థమైందా?' అనే మాట ఒక్కసారైనా వచ్చిందా? అవసరం రాలేదు. అర్థం కాకపోతే అది ఊరుకుంటేగా!

ఆ గుండీల వల్లే ఈ చదువు పట్టుకుంది. వాళ్ళ నాన్న వద్దంటే వినలేదు. "మావయ్య చదివిందే చదువుతాను," అని ఒకపూట తిండి మానేసింది.

ఆ మావయ్య ఇప్పుడు స్నానాలగదిలో దాక్కుని మిగతా సగం గడ్డం గీసుకుంటున్నాడు.

తుడుచుకుని బయటికి వచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరున్నారు. అక్క కూర్చోలేదు. కుర్చీ వెనక రెండు చేతులూ ఆనించి, ఎవరో దాన్ని లాక్కుపోతారన్నట్టు నిలబడింది. భార్య బ్రెడ్డు ముక్కలు కోస్తోంది. పోస్టాఫీసు కౌంటర్లో వారమంతా మాట్లాడి మాట్లాడి, ఆదివారం మాటలు దాచుకుంటుంది ఆవిడ. మేనకోడలు బల్ల మీది పొడిని వేలితో ఒక గీత మీదికి చేరుస్తోంది.

"చెవి దగ్గర నురగ మిగిలింది," అంది భార్య.

అతను తుడుచుకున్నాడు.

"రారా, నీ కోసమే ఆగాం," అంది అక్క. "నువ్వే చెప్పు. ఈ పిల్లకి బుర్ర లేదా? లేదంటే లేదని చెప్పు, నేనేం ఉరేసుకోను. కడుపున పుట్టినంత మాత్రాన అందరికీ నీ తెలివే రావాలని లేదు."

"బుర్ర లేకపోవడమేమిటక్కా..."

"మరి శ్రద్ధ లేదా?"

శ్రద్ధ లేదనే అతనూ అనుకుంటున్నాడు. స్టాఫ్ రూములో ఆ మాటే అన్నాడు కూడా. 'ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదండీ' అంటే అక్కడ అందరూ తలూపుతారు. అది ఎవరి కాలంలో అన్నా తలూపే మాట.

"సరే, అర్థం కాలేదనుకుందాం," అంది అక్క, కూతురి వైపు తిరిగి. "అర్థం కాకపోతే నోరుంది కదే? ఎదురుగా ఉన్నది పరాయివాడా? సొంత మావయ్య. పొద్దున లేస్తే ఒకే బాత్రూము దగ్గర కొట్టుకుంటారు. వాడు క్లాసులో అర్థమైందా అని అడుగుతాడా లేదా? అప్పుడైనా కాలేదని చెప్పి ఏడవొచ్చుగా?"

"అడగరమ్మా," అంది మేనకోడలు.

నెమ్మదిగానే అంది. బ్రెడ్డు కోస్తున్న కత్తి ఆగింది.

"ఏమిటీ?" అన్నాడు అతను. "నేను అడగనా?"

పిల్ల వేలు పొడి మీదే ఉంది.

"బోర్డు మీద ప్రతి లైనుకీ అడుగుతాను. క్లాసు క్లాసంతా సాక్ష్యం చెప్తుంది. అయిందా, అయిందా అని నోరు నొప్పెట్టేలా అడుగుతాను. నా వెనకాల నాకు పెట్టిన పేరే 'అయిందా సార్' అని! నాకు తెలీదనుకుంటున్నావా? నువ్వూ అందరితో పాటు 'అయింది సార్' అంటావు. ఈ చెవులతో విన్నాను."

మేనకోడలు తలెత్తి అతని వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కోపానికి ఎలా బదులు చెప్పాలో అతనికి తెలుసు. ఆ పిల్ల మొహంలో ఉన్నది ఉత్త ఆశ్చర్యం.

"అది... రాసుకోవడం అయిందా అని కదా మావయ్యా?"

"రాసుకోవడమా?"

"అంటే, మీరు కుడిచేత్తో రాస్తూ, ఎడమచేత్తో డస్టరు పట్టుకుని ఉంటారు కదా. బోర్డు నిండగానే 'అయిందా?' అంటారు. తుడిచెయ్యనా అని అడుగుతున్నారనుకుంటాం. రాసుకోవడం అయితే అయిందంటాం. వెనక బెంచీలవాళ్ళకి అవకపోతే 'ఇంకా కాలేదు సార్' అని అరుస్తారు."

"అప్పుడు నేను మళ్ళీ చెప్తాను!"

"అవును. అదే, మళ్ళీ మొదట్నుంచి గట్టిగా చెప్తారు. ఈలోగా వాళ్ళు రాసేసుకుంటారు. తర్వాత అయింది సార్ అంటారు."

భార్య నవ్వింది. నవ్వొద్దనుకుంటూనే నవ్వింది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వెందుకు నవ్వుతున్నావు?" అన్నాడు అతను.

"ఏం లేదు. నేను ఆఫీసు సంగతి ఏదైనా చెప్తుంటే మధ్యలో 'అయిందా?' అంటారు. ఇక నోరు మూసుకోమంటున్నారు కాబోలు అనుకుని ఇన్నాళ్ళూ అయిందనేదాన్ని."

"నేను అన్నది నీ చిరాకు తగ్గిందా అని!"

"నాకేం తెలుసు? అడిగే ముఖం ఎప్పుడూ పేపర్లో ఉండేది."

కొళాయి నుంచి గిన్నెలోకి చుక్కలు పడుతున్న చప్పుడు పెద్దదయింది.

అతను కూర్చున్నాడు. అర్థం అయిందా అని మొత్తం అడగకుండా తను సగం మింగేస్తే, మిగిలిన సగానికి వాళ్ళు తమకి తోచిన సగం అతికించుకున్నారు. తను ఒకటి అడిగాడు, వాళ్ళు ఇంకొకటి విన్నారు, రెండింటికీ ఒకటే జవాబు కుదిరింది. ఇన్నేళ్ళు! ఎన్ని గదులు, ఎన్ని బోర్డులు, ఎంతమంది పిల్లలు! 'ఇంకా కాలేదు సార్' అని వెనక నుంచి వినబడినప్పుడల్లా, పర్వాలేదు, ఈ క్లాసులో అడిగే ధైర్యమున్న పిల్లలున్నారు అని మురిసిపోయాడు. రెండోసారి చెప్పగానే అయిందన్నప్పుడు, నేను చెప్తే అర్థం కాకపోవడమేమిటి అని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజుల్లో అన్నం కూడా ఎక్కువ తినేవాడు.

"అదంతా సరేనే," అంది అక్క. గొంతు కొంచెం తగ్గింది గానీ పట్టు వదల్లేదు. "మాట పొరపాటు మాటదే. అర్థం కానిదాన్ని నువ్వైనా అడగాలి కదా. చిన్నప్పుడు చెవులు చిల్లులు పడేలా అడిగేదానివి."

"అడిగానమ్మా."

"ఎప్పుడు?"

"ఒకసారి."

అంతే అంది. మళ్ళీ బల్ల మీది పొడి దగ్గరకి వెళ్ళిపోయింది వేలు. ఆ ఒకసారి ఏదో అతనికి తెలుసు. తెలుసని ఈ క్షణం దాకా తెలియలేదు.

కాలేజీ తెరిచిన కొత్త. సగటు నుంచి ఒక్కొక్క అంకె ఎంత దూరంలో ఉందో కొలిచి, వర్గం చేసి, కూడి, భాగించే లెక్క. ఎన్ని అంకెలుంటే అంతతో భాగించకుండా, అందులోంచి ఒకటి తీసేసి భాగించాలి. అతను తీసేశాడు. అందరూ రాసుకుంటున్నారు. కిటికీ పక్క బెంచీలోంచి ఒక గొంతు, "అందులో ఒకటి ఎందుకు తీసేశాం మావయ్యా?"

మావయ్యా! క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల నాలుక కరుచుకుంది. నవ్వు తగ్గేదాకా ఆగి అతను చేసినదేమిటి? "ఇక్కడ మావయ్యలెవరూ లేరమ్మా. సార్ ఉన్నాడు. మావయ్య ఇంటి దగ్గర ఉంటాడు, కావాలంటే సాయంత్రం కలుసుకో," అన్నాడు. రెండోసారి నవ్వు మొదటిదానికంటే పెద్దగా వచ్చింది. పిల్లల్ని నవ్వించగలిగానని అతనికి ఆ గంటంతా హుషారుగా ఉంది. బోర్డు తుడిచేశాడు. ఆ ఒకటి ఎందుకు తీసేశామో చెప్పలేదు. సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చింది, మావయ్య ఉన్నాడు, ఇద్దరూ టీ తాగారు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అప్పట్నుంచి ఇంట్లో కూడా ఆ పిల్ల మావయ్యా అని పిలవడం తగ్గించేసిందని ఇప్పుడు తోస్తోంది. 'ఇదుగో', 'మీకు ఫోను', 'అత్తయ్య రమ్మంటోంది'. ఏ పిలుపు ఎక్కడ వాడాలో తెలియని మనిషి పిలుపులే మానేస్తుంది.

పైగా మరొకటి కూడా చేశాడు. దాని గురించి ఆలోచించకూడదనుకున్నాడు గానీ ఆలోచన ఆగలేదు. వరండాలో నడుస్తుంటే కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి గదిలోంచి గోల. పిల్లలు గుంపులుగా కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. ఆ అమ్మాయి బల్ల అంచున కూర్చుని వింటోంది. ఆ గోలలో ఒక గొంతు, "కాదు మేడం, అలా ఎందుకవుతుంది? ముందు అది చెప్పండి!" అంటోంది. ఎందుకమ్మ గొంతు. గుండీల డబ్బా నాటి గొంతు. తలుపు పక్కన ఆగి, తన ఇంట్లోని దీపం వేరేవాళ్ళ కిటికీలో వెలుగుతుంటే చూసినట్టు చూశాడు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, "ఆ గది క్లాసులా లేదండీ, సంతలా ఉంది," అన్నాడు. తర్వాత ఆ గదిలో గోల తగ్గిపోయింది. ఆ ఫిర్యాదు ఎవరిదో పిల్లకి తెలుసా? తెలిసే ఖాళీ కాగితం ఇచ్చిందా?

అడిగే ధైర్యం లేదు. అడిగితే జవాబు వస్తుంది.

"పోనీ, కంఠతా పట్టైనా రాయొచ్చుగా," అంటోంది అక్క. "అందరూ చేసేది అదే కదా."

"కంఠతా వచ్చమ్మా," అంది మేనకోడలు. "మొత్తం వచ్చు. ఇప్పుడు రాయమన్నా రాస్తాను."

"వచ్చా? వచ్చి కూడా..." అక్క కుర్చీ వదిలేసి గోడ వైపు తిరిగింది. "విన్నావుట్రా? వచ్చట! వచ్చి కూడా రాయలేదట! ఇది నా ప్రాణానికి పుట్టింది!"

"మొదలుపెట్టాను. ఆ ఒకటి తీసేసే చోటికి వచ్చాను. ఎందుకు తీసేస్తున్నానో తెలీకుండా తీసేస్తున్నాననిపించింది. పెన్ను ముందుకి పోలేదు. ఇదేం చదువు అనిపించింది. మొదలుపెట్టింది కొట్టేద్దామంటే అసహ్యంగా ఉంటుందని వేరే కాగితం అడిగి పేరు రాసి ఇచ్చేశాను."

"ఎవరూ తెలుసుకుని తీసేయరే! తీసెయ్యమంటే తీసేస్తారు, పాసవుతారు, ఉద్యోగాలు చేసుకుంటారు!"

"వదినా, దాన్ని మాట్లాడనీండి," అంది భార్య.

"నువ్వు వెనకేసుకు రాకు మరదలా. మీరిద్దరూ కాలేజీ, ఆఫీసు అని పొద్దున పోయి సాయంత్రం వస్తారు. దాని సంగతి చూసినవాళ్ళెవరు?"

"చూడలేదనే అనండి. ఒప్పుకుంటాను. కానీ తీసుకుపోతే ఇక అది పుస్తకం ముట్టుకోదు. అది మీకూ తెలుసు."

"నీకేమనిపిస్తోందిరా?" అంది అక్క అతనితో. "ఉండమంటావా, పొమ్మంటావా? నువ్వొక మాట చెప్తే తేలిపోతుంది. మనం ముగ్గురం ఒక మాట మీదుంటే దానికి వేరే చెప్పేదేముంటుంది?"

అతనికి చటుక్కున ఏదో తట్టింది.

ముగ్గురూ చెప్పేశాక నాలుగో మనిషికి చెప్పడానికేం మిగలదు. ఇంటి మొత్తం ఏమనుకోవాలో ముందే ఖాయమైపోతే, ముగ్గురి మాటా తెలిసిపోతే, నాలుగో మాట ఏదై ఉండాలో ఎవరైనా చెప్పగలరు. ఆ మనిషి అక్కడ కూర్చునే ఉంటుంది. లెక్కలో మాత్రం ఉండదు. సగటు కూడా అంతే. దాన్ని ముందే తేల్చి పెట్టుకున్నాక, మిగతా అంకెలన్నీ తెలిస్తే చివరి అంకెకి తన ఇష్టమంటూ ఉండదు. అందుకే ఒకటి తీసేసేది!

ఇంత సులువుగా ఉందా? పుస్తకంలో ఉన్న వాక్యాన్ని ఇన్నేళ్ళూ అప్పజెప్పాడే గానీ, ఇలా ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఆ రోజు జోకు వెయ్యవలసిన అవసరం ఉండేది కాదేమో. పిల్ల మావయ్యా అన్నందుకా ఆ జోకు? కాదు. జవాబు తడుముకోవలసి వస్తుందని. మొదటిసారి క్లాసులో నిలబడి నిజంగానే 'అర్థమైందా?' అని పూర్తిగా అడిగి, ఎదురుగా అన్ని కళ్ళు పలక్కుండా చూస్తుంటే, ఆ నిశ్శబ్దం భరించలేకపోయిన సంగతి గుర్తొచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని తప్పించుకోవడానికే ప్రశ్నని సగానికి కోసేశాడు. అయిందా? అంటే వాళ్ళని అడగడం కూడా కాదు. తన గండం గడిచిందా అని తనని తానే అడుక్కోవడం.

"పలకవేంరా?" అంది అక్క.

"దాన్ని సర్దుకోనివ్వు," అన్నాడు అతను.

భార్య చేతిలో కత్తి బల్ల మీద పెట్టేసింది. మేనకోడలు లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తను అన్నది కాసేపు దాన్ని ఒంటరిగా వదలమని. వాళ్ళు విన్నది, తీసుకుపొమ్మని. ఇది కూడా అలాగే అయింది! సరిదిద్దబోయేలోపు అక్క బస్టాండుకి వెళ్ళడానికి టాక్సీకి ఫోను చేస్తోంది.

"మీరు అన్నది..." అంది భార్య, లోగొంతుకతో.

"అది కాదు నేనన్నది."

"నాకు చెప్పకండి. నేను కాదు అక్కడ సర్దుకుంటున్నది."

గదిలో మంచం మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. మేనకోడలు చొక్కాలు మడతపెడుతోంది. గుమ్మంలో నిలబడ్డ అతన్ని చూసి పక్కకి జరిగింది. అటకెక్కడానికో, అలమర తెరవడానికో వచ్చాడనుకుంది కాబోలు.

"ఆ రోజు ఒకటి అడిగావు," అన్నాడు. "నేను చెప్పలేదు."

"ఇప్పుడెందుకు."

"ఇప్పుడు తెలిసింది. ఇదుగో చూడు, మనం నలుగురం ఉన్నామనుకో, ఇంటి మొత్తం మాట ముందే..."

మాటలు వరదలా వచ్చేస్తున్నాయి. గొంతు తనకి తెలియకుండానే పెరిగింది, క్లాసు గొంతయిపోయింది. కుడిచెయ్యి గాల్లో ఏదో రాస్తోంది. ఎడమచెయ్యి దాని వెనకే దుప్పటి మీది ముడతల్ని ఒక్కొక్కటే తుడిచేస్తూ పోతోంది. పిల్ల తలాడిస్తోంది. కిటికీ పక్క బెంచీలో ఆడించినట్టే ఆడిస్తోంది.

"...అయిందా?" అన్నాడు.

"అయింది మావయ్యా."

ఇద్దరూ ఆగిపోయారు.

పిల్ల పెదవి చివర నవ్వులాంటిదేదో వచ్చి, నిలవకుండానే పోయింది. చొక్కా సంచిలో పెట్టింది. బయట టాక్సీ వచ్చి ఆగిన చప్పుడు. "వచ్చేసిందే, త్వరగా రా!" అక్క పిలుపు. డ్రైవరు హారన్ కొట్టాడు.

అతని చెప్పడం ఇంకా పూర్తికాలేదు. అసలైన మాట, అంత తేలికైన మాట, నాలుక చివర ఉంది. ఒక్క గుక్కలో చెప్పెయ్యవచ్చు. చెప్పేస్తే పిల్ల మళ్ళీ అయిందంటుంది.

అతను సంచిని పక్కకి జరిపి మంచం అంచున కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు ఏం ఆలోచిస్తూ అడిగావు?" అన్నాడు. "ఒకటి ఎందుకు తీసేస్తున్నాం అనిపించే ముందు, నీ బుర్రలో ఏముంది?"

మడతపెట్టబోతున్న ఇంకో చొక్కా మేనకోడలి చేతుల్లో అలాగే ఉండిపోయింది. హారన్ మళ్ళీ మోగింది. మొదటిసారి క్లాసులోలాగే నిశ్శబ్దం పెరుగుతోంది. అతని ఎడమచెయ్యి దానంతటదే దుప్పటి మీదికి లేవబోయింది.

అతను ఆ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి, అలాగే కూర్చున్నాడు.